నీళ్లకు కాపలా: కాలుష్య నియంత్రణ మండలి

కాలుష్య నియంత్రణ మండలి అనగానే చాలామందికి బండ్ల పొగ, దీపావళి టపాసుల మోత గుర్తొస్తాయి. ఈ సంస్థ పుట్టింది మాత్రం నీటి కోసం. 1974 మార్చి 23న అమల్లోకి వచ్చిన జల (కాలుష్య నివారణ, నియంత్రణ) చట్టమే రాష్ట్రాల్లో ఈ మండళ్లకు ప్రాణం పోసింది. 1981 నాటి వాయు చట్టంతో గాలి బాధ్యత వచ్చి చేరింది. భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టంతో ప్రమాదకర వ్యర్థాల బరువూ పడింది. జనం నోట ‘పీసీబీ’గా నానుతున్న ఈ సంస్థ చేతిలో ఇప్పుడు అనుమతులున్నాయి, ప్రయోగశాలలున్నాయి, ఫ్యాక్టరీకి కరెంటు కోయించే అధికారం ఉంది. అయినా హైదరాబాద్ దాటాక మూసీ నురగలు కక్కుతూనే ఉంది. ఇంత అధికారం ఉండీ అంత మురికి ఎలా మిగిలిందన్నది న్యాయమైన ప్రశ్న. తెలుగు నేల మీద ఈ సంస్థ గెలిచిన చోట్లు, ఓడిన చోట్లు చూస్తే జవాబు చాలావరకు దొరుకుతుంది.

రాజ్యాంగంలో నీరు రాష్ట్రాల జాబితాలో ఉంది. దానిమీద పార్లమెంటు తనంతట తాను చట్టం చేయడానికి వీల్లేదు. అందుకని 252వ అధికరణాన్ని ఆశ్రయించారు. రెండు గానీ అంతకు మించి గానీ రాష్ట్రాలు తీర్మానం చేసి కోరితే వాటి కోసం పార్లమెంటు చట్టం చేయవచ్చు. మిగతా రాష్ట్రాలు తర్వాత తమ తీర్మానాలతో దాన్ని స్వీకరించవచ్చు. బిల్లు 1969లోనే రాజ్యసభ గడప తొక్కినా చట్టం కావడానికి ఐదేళ్లు పట్టింది. మొదటి విడతలో ముందుకొచ్చిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. తర్వాత చేరి, 1976లో మండలిని ఏర్పాటు చేసుకుంది. రాష్ట్ర విభజనతో 2014లో తెలంగాణకు వేరే మండలి వచ్చింది. దాని కేంద్ర కార్యాలయం హైదరాబాద్ సనత్‌నగర్ పారిశ్రామికవాడలోని పర్యావరణ భవన్. ఆంధ్రప్రదేశ్ మండలి విజయవాడకు మారింది.

మండలిలో ఎవరు కూర్చోవాలో చట్టమే చెప్పింది. ఒక ఛైర్మన్, పూర్తికాలం పనిచేసే సభ్య కార్యదర్శి, ఐదుగురికి మించకుండా ప్రభుత్వాధికారులు, ఐదుగురికి మించకుండా స్థానిక సంస్థల ప్రతినిధులు, వ్యవసాయం, మత్స్యం, పరిశ్రమ, వాణిజ్యాల తరఫున ముగ్గురి దాకా అనధికారులు, ప్రభుత్వ కంపెనీల నుంచి ఇద్దరు ఉంటారు. రైతుకూ జాలరికీ కుర్చీ వేసిన కాగితం ఇది. ఆచరణలో ఈ కుర్చీలు రాజకీయ పునరావాసానికి పనికొస్తున్నాయన్న విమర్శ దేశమంతటా ఉంది. పర్యావరణంతో పరిచయం లేనివాళ్లను మండళ్ల మీద కూర్చోబెట్టడాన్ని 2017లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. నియామకాలకు ఆరు నెలల్లో నియమావళి రూపొందించుకోవాలని రాష్ట్రాలను ఆదేశించింది.

కింది స్థాయిలో బండి నడిపేది ఇంజినీర్లు. ప్రాంతీయ కార్యాలయానికి ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్ పెద్ద. ఆయన కింద అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్లు (ఏఈఈలు) ఫ్యాక్టరీల చుట్టూ తిరుగుతారు. ల్యాబుల్లో శాస్త్రవేత్తలు, అనలిస్టులు ఉంటారు. ఒకప్పుడు పరిశ్రమలు, పురపాలక సంఘాలు వాడే నీటి మీద 1977 నాటి చట్టం కింద సెస్సు వసూలయ్యేది. అందులో వాటా మండళ్లకు దక్కేది. 2017లో జీఎస్టీ రావడంతో ఆ సెస్సు పోయింది. ఇప్పుడు ప్రధాన ఆధారం పరిశ్రమలు కట్టే అనుమతి ఫీజులు. ఎవరిని కట్టడి చేయాలో వాళ్ల ఫీజులతోనే సంస్థ నడవడం సుఖమైన ఏర్పాటు కాదు.

ముందే కాదనే అధికారం

మండలి చేతిలోని అసలు ఆయుధం 25వ సెక్షన్. మురుగునీరు గానీ వ్యర్థజలం గానీ వదిలే అవకాశమున్న ఏ పరిశ్రమా మండలి సమ్మతి లేకుండా మొదలుకాకూడదు. తెలుగు రాష్ట్రాల్లో ఇది రెండు మెట్లుగా సాగుతుంది. పునాది తవ్వకముందు సీఎఫ్‌ఈ, అంటే స్థాపనకు సమ్మతి. యంత్రం తిప్పకముందు సీఎఫ్‌ఓ, అంటే నడపడానికి సమ్మతి. ఎంత నీరు వాడతారు, ఎంత వదులుతారు, ఎక్కడ వదులుతారు, ఏ ప్రమాణానికి శుద్ధి చేస్తారు అన్నవన్నీ ఆ కాగితంలో షరతులుగా ఉంటాయి. గడువు తీరగానే మళ్లీ తీసుకోవాలి. దరఖాస్తు పెట్టిన నాలుగు నెలల్లో మండలి ఔననీ కాదనీ చెప్పకపోతే షరతులేమీ లేకుండా సమ్మతి ఇచ్చినట్టే లెక్క. బల్ల మీద ఫైలు నిద్రపోతే నష్టపోయేది వాగే.

అన్ని పరిశ్రమలనూ ఒకే కంటితో చూడరు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కాలుష్య సూచిక లెక్కగట్టి రంగులు పంచింది. అప్పటి లెక్కలో సూచిక 60, ఆపైన ఉంటే ఎరుపు. తర్వాత నారింజ, ఆకుపచ్చ. 20 లోపు ఉంటే కొత్తగా తెలుపు. బల్క్‌డ్రగ్స్, డిస్టిలరీలు, తోళ్ల శుద్ధి ఎరుపులోకి వచ్చాయి. సైకిళ్లు బిగించే షెడ్డు తెలుపులోకి వచ్చింది. దానికి సమ్మతి అక్కర్లేదు, సమాచారమిస్తే చాలు. ఎరుపు రంగు పడ్డాక ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలన్నదే మొదటి తగాదా అవుతుంది.

ఆ తగాదా ఎంత దూరం పోగలదో చూపించిన కేసు హైదరాబాద్‌లోనే పుట్టి, దేశపు పర్యావరణ న్యాయానికి పాఠమైంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద రెండు జలాశయాలు కట్టారు. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ వాగు మీద హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరద ఆపడానికి కట్టినవి తరతరాలకు మంచినీళ్లిచ్చాయి. వాటిని కాపాడేందుకు 1996 మార్చిలో ప్రభుత్వం జీవో 111 తెచ్చింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కలుషిత పరిశ్రమలకు, పెద్ద హోటళ్లకు, నివాస కాలనీలకు తలుపు మూసింది.

అప్పటికే ఒక కంపెనీ శంషాబాద్ దగ్గర పెద్దషాపూర్‌లో 12 ఎకరాలు కొనుక్కుంది. ఆముదం నూనె నుంచి రసాయన ఉత్పత్తులు తీయడం దాని ఉద్దేశం. ప్రక్రియలో వాడే నికెల్ ప్రమాదకర వ్యర్థంగా మిగులుతుంది. ఎరుపు వర్గం, అదీ జలాశయాల పరిధిలో. మండలి సమ్మతి ఇవ్వలేదు. రాష్ట్ర ప్రభుత్వం మాత్రం తాను గీసిన 10 కిలోమీటర్ల గీతను తానే చెరిపి, 1997లో ఆ ఒక్క కంపెనీకి మినహాయింపు జీవో ఇచ్చింది. అయినా మండలి దిగిరాలేదు, అదే ఏడాది మళ్లీ కాదంది. కంపెనీ అప్పీలు అథారిటీకి వెళ్లింది. ఈ సాంకేతికతతో ప్రమాదం లేదని ఒక నిపుణుడు అఫిడవిట్ ఇవ్వడంతో అక్కడ గెలిచింది. సమ్మతి ఇవ్వాల్సిందేనని హైకోర్టూ చెప్పింది. ప్రభుత్వమే ఔనన్న విషయంలో ప్రభుత్వ సంస్థే సుప్రీంకోర్టు మెట్లెక్కడం మామూలుగా జరిగే పని కాదు. మండలి ఎక్కింది.

1999 జనవరిలో జస్టిస్ ఎం.జగన్నాథరావు రాసిన తీర్పు ముందుజాగ్రత్త సూత్రాన్ని విడమరిచి చెప్పింది. విజ్ఞానశాస్త్రం తేల్చి చెప్పలేని చోట ప్రమాదం లేదని నిరూపించుకోవాల్సిన భారం, ఉన్న స్థితిని మార్చాలనుకునేవాడి మీదే ఉంటుంది. చెరువు చెడుతుందని మండలి రుజువు చేయనక్కర్లేదు, చెడదని కంపెనీ రుజువు చేయాలి. 2000 డిసెంబరులో ఇచ్చిన రెండో తీర్పులో ప్రభుత్వ మినహాయింపునూ కోర్టు కొట్టేసింది. లక్షలమంది తాగే నీటి విషయంలో అలా మినహాయించే అధికారం ప్రభుత్వానికి లేదంది. ఇలాంటి తగాదాలు తేల్చేందుకు న్యాయం, విజ్ఞానశాస్త్రం రెండూ తెలిసినవాళ్లుండే ధర్మాసనం కావాలని అప్పట్లో కోర్టు అన్న మాటే, తర్వాత 2010లో వచ్చిన జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు దారితీసిన వాటిలో ఒకటి.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జీవో 69తో 111 పెట్టిన ఆంక్షలను తొలగించింది. నగరానికి ఈ జలాశయాలు ఇక ప్రధాన తాగునీటి ఆధారం కావన్నది చూపిన కారణం. మండలి పాతికేళ్ల కింద కాపాడిన గీతను ప్రభుత్వమే మళ్లీ చెరిపింది.

సీసాలో ఏముంది

నీరు చెడిందని కళ్లు, ముక్కు చెబుతాయి. కోర్టు మాత్రం సీసా అడుగుతుంది. అందుకే 21వ సెక్షన్ నమూనా తీసే తంతును పూసగుచ్చినట్టు చెబుతుంది. ఏఈఈ అక్కడికక్కడే యజమానికి నోటీసివ్వాలి. ఆయన ఎదుటే నమూనాను రెండు భాగాలు చేయాలి. రెండు సీసాలకూ సీలు వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఒకటి మండలి ల్యాబుకు పోతుంది. యజమాని కోరితే రెండోది ప్రభుత్వం గుర్తించిన వేరే ల్యాబుకు పోతుంది. ఈ వరసలో ఒక్క మెట్టు తప్పినా ఆ ల్యాబు రిపోర్టు సాక్ష్యంగా చెల్లదు. కళ్లెదుట వాగు రంగు మారినా, సంతకం లేని సీసాతో కేసు వీగిపోయే ప్రమాదం ఉంది.

సీసాలో వెతికే వాటిలో మొదటివి రెండు. ఒకటి నీటిలో కరిగిన ఆక్సిజన్. రెండోది బీఓడీ, అంటే నీటిలోని కుళ్లును తినడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ లెక్క. ఆక్సిజన్ నమూనా ఆఫీసుకు తెచ్చేదాకా ఆగదు. గాలి బుడగ లేకుండా సీసా నింపి, ఒడ్డు మీదే మాంగనీస్ సల్ఫేట్, క్షార అయొడైడ్ ద్రావణాలు వేస్తే నీళ్లలో గోధుమరంగు మడ్డి కడుతుంది. ఆక్సిజన్ ఆ మడ్డిలో చిక్కుకున్నట్టు. మడ్డి తెల్లగా ఉండిపోయిందంటే ఆ నీళ్లలో చేప బతికే వీల్లేదని ల్యాబు దాకా పోకుండానే తెలిసిపోతుంది. మిగతా సీసాలు ఐసు పెట్టెలో ప్రయాణం చేస్తాయి. బీఓడీ పరీక్షను చలి దేశాల్లో 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులు చేస్తారు. మన ఎండలకు తగ్గట్టు ఇక్కడ 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు.

ఈ అంకెలు ఏం చెబుతాయంటే, లీటరుకు 3 మిల్లీగ్రాముల లోపు బీఓడీ, 5 మిల్లీగ్రాములకు తగ్గని ఆక్సిజన్ ఉన్న నీటిలో స్నానం చేయవచ్చు. కేంద్ర మండలి వర్గీకరణలో అది ‘బి’ తరగతి. శుద్ధి లేకుండా, క్లోరిన్ మాత్రం కలిపి తాగగలిగేది ‘ఎ’. మామూలు శుద్ధితో తాగగలిగేది ‘సి’. చేపలకు ‘డి’. పొలానికి, యంత్రాలు చల్లార్చడానికి ‘ఇ’. ఇళ్ల నుంచి వచ్చే పచ్చి మురుగులో బీఓడీ సాధారణంగా 150 నుంచి 300 దాకా ఉంటుంది. ఫ్యాక్టరీ నీరు నదిలోకో చెరువులోకో వదలాలంటే 30 దాటకూడదు. పొలానికైతే 100 దాకా, సముద్రంలోకైనా 100 దాకా ఒప్పుకుంటారు. విశాఖ దగ్గర పరవాడ ఫార్మాసిటీ శుద్ధి చేసిన నీటిని పైపుతో సముద్రంలోకి పంపడం, మెతుకుసీమ మెదక్‌లో ఆ వెసులుబాటు లేకపోవడం వెనక భూగోళంతో పాటు ఈ పట్టిక కూడా ఉంది.

పట్టికలో అందరికీ సులువుగా అర్థమయ్యే పరీక్ష ఒకటుంది. శుద్ధి చేసిన నీటిని ఏమీ కలపకుండా తొట్టిలో పోసి చేపలు వదలాలి. 96 గంటల తర్వాత వందకు 90 చేపలు బతికుండాలి. మిగతా ప్రమాణాల్లో లొసుగు ఏమిటంటే, అవి లీటరుకు ఎంత అని అడుగుతాయి తప్ప రోజుకు మొత్తం ఎంత అని గట్టిగా అడగవు. బోరు నీళ్లు కలిపి పలచన చేస్తే అంకె దిగుతుంది, విషం బరువు దిగదు.

పటాన్‌చెరు

ఈ పట్టికలన్నిటికీ పరీక్ష పెట్టింది పటాన్‌చెరు. 1960ల్లో బాలానగర్‌లో ప్రభుత్వ రంగ ఐడీపీఎల్ మందుల కర్మాగారం వచ్చాక, హైదరాబాద్ చుట్టూ బల్క్‌డ్రగ్స్ పరిశ్రమ అల్లుకుంది. అక్కడ పని నేర్చినవాళ్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. నాటి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరు, బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం పారిశ్రామికవాడలు నిండాయి. దేశానికి చౌకగా మందులందిన మాట నిజం. ఆ చౌకదనంలో కొంత భాగాన్ని నక్కవాగు, ఇసుకవాగు, కిష్టారెడ్డిపేట, గండిగూడెం చెరువులు కట్టాయి. నక్కవాగు పోయి కలిసేది మంజీరలో. బావుల నీళ్లు రంగు మారాయి. పొలాలు చవుడుబారాయి.

పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు ఏళ్లకేళ్లు ఊళ్లను కూడగట్టి పోరాడారు. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. రైతులకు నష్టపరిహారం, ఊళ్లకు మంచినీటి సరఫరా కోర్టు ఆదేశాలతోనే వచ్చాయి. కేసు 2001లో హైకోర్టుకు, ఆ తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు మారి, 2017 దాకా నడిచింది. ఒక తరం రైతులు ఆ వాయిదాల్లోనే ముసలివాళ్లయ్యారు.

చిన్న ఫ్యాక్టరీకి సొంతంగా శుద్ధి కేంద్రం పెట్టుకునే స్తోమత ఉండదు. అందుకు ఉమ్మడి శుద్ధి కేంద్రం అన్న ఉపాయం వచ్చింది. జీడిమెట్లలో 1989లో ఒకటి, పటాన్‌చెరులో 1994లో మరొకటి మొదలయ్యాయి. ఫ్యాక్టరీల నుంచి వ్యర్థజలం ట్యాంకర్లలో అక్కడికి రావాలి. ట్యాంకరు దారి తప్పడానికి బోలెడు కారణాలుంటాయి. శుద్ధి కేంద్రం లీటరు లెక్కన డబ్బు తీసుకుంటుంది, అర్ధరాత్రి నాలా తీసుకోదు. అందుకే మండలి రాత్రి గస్తీ బృందాలను పెట్టాల్సి వచ్చింది. వాన మొదలైతే చాలు, కొన్ని ఫ్యాక్టరీలు వరదనీటి కాలువలోకి వదిలేస్తాయన్నది ఆ పల్లెల్లో ఎవరినడిగినా చెప్పే ఫిర్యాదు.

పటాన్‌చెరు కేంద్రంలో శుద్ధయిన నీరు మొదట వాగులోకి పోయేది. కోర్టుల ఒత్తిడి పెరిగాక 18 కిలోమీటర్ల పైపు వేసి నగరపు మురుగు ప్రధాన గొట్టంలో కలిపారు. అది అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి చేరుతుంది. నక్కవాగుకు ఊరట దొరికింది, మూసీకి కొత్త చుట్టం వచ్చింది. ఇంటి మురుగును తినే సూక్ష్మజీవులు కరిగిన లవణాలను ఏమీ చేయలేవు. అవి ఎలా లోపలికొస్తాయో అలాగే బయటికి పోతాయి.

2007లో స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం ఈ పటాన్‌చెరు కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఒక్క రోజులో బయటికొస్తున్నది సుమారు 45 కిలోలు. యావత్తు స్వీడన్ దేశం ఐదు రోజుల్లో వాడేంత. అప్పుడుగానీ ప్రపంచం కళ్లు పటాన్‌చెరు మీద పడలేదు. మందుకు లొంగని సూక్ష్మజీవులు పుట్టడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. మండలి నింపే పట్టికలో బీఓడీకి గడి ఉంది, రంగుకు ఉంది, వాసనకు ఉంది. యాంటీబయాటిక్‌కు లేదు. దాన్ని చేర్చేందుకు కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా ప్రమాణాలు ప్రకటించింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి. రాష్ట్ర మండలి ఎంత చురుగ్గా ఉన్నా, చట్టం అడగనిదాన్ని వెతికి శిక్షించడం కష్టం.

మార్పు అసలు లేదనడం మాత్రం అన్యాయం. కేంద్ర మండలి 2009లో దేశంలోని పారిశ్రామికవాడలకు మార్కులు వేసినప్పుడు 70 దాటిన 43 ‘అతి కలుషిత’ ప్రాంతాల్లో పటాన్‌చెరు–బొల్లారం, విశాఖపట్నం రెండూ ఉన్నాయి. 2010 జనవరి నుంచి కొంతకాలం అక్కడ కొత్త పరిశ్రమలకు పర్యావరణ అనుమతులు ఆగాయి. ఆ దెబ్బకు ‘చుక్క నీరు బయటికి రాకూడదు’ అనే పద్ధతి ఊపందుకుంది. లవణాలు ఎక్కువున్న నీటిని, తక్కువున్న నీటిని ఫ్యాక్టరీలోనే వేరుచేస్తారు. ఎక్కువున్నదాన్ని ఆవిరి యంత్రాల్లో మరిగించి ఉప్పుగా ఎండగడతారు. తక్కువున్నదాన్ని శుద్ధి చేసి మళ్లీ వాడుకుంటారు. మిగిలిన ఉప్పు దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పోతుంది. కేంద్ర మండలి 2014లో ఇచ్చిన ఆదేశంతో అత్యధిక కాలుష్య కారకాలుగా గుర్తించిన 17 రకాల పరిశ్రమల గొట్టాలకు ఆన్‌లైన్ మీటర్లు వచ్చాయి. శుద్ధి కేంద్రం పనిచేయకపోతే ఫ్యాక్టరీ నడవడానికే వీల్లేదని 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. వీటన్నిటికీ ఖర్చవుతుంది. యంత్రం పెట్టుకోవడం ఒక ఎత్తు, కరెంటు బిల్లుకు వెరవకుండా రాత్రీపగలూ దాన్ని తిప్పడం మరో ఎత్తు.

సర్కారు మురుగు

ఫ్యాక్టరీ యజమాని మండలి నోటీసుకు భయపడతాడు. పురపాలక సంఘం భయపడదు. చట్టం ఇద్దరినీ వేరుగా చూడలేదు. పట్టణం మురుగు వదలాలన్నా సమ్మతి తీసుకోవాలి. ప్రభుత్వ శాఖ తప్పు చేస్తే ఆ శాఖాధిపతే దోషి అని 48వ సెక్షన్ చెబుతుంది. కానీ ఊరి మురుగుకాలువకు తాళం వేయలేరు కదా. నీటి కాలుష్యంలో పెద్ద వాటా ఇళ్ల మురుగుదే అయినా, మండలి కోరలు దిగేది మాత్రం పరిశ్రమల మీదే.

హైదరాబాదే దీనికి ఉదాహరణ. 2020ల ఆరంభంలో నగరంలో రోజుకు పుట్టే మురుగు దాదాపు 1,950 మిలియన్ లీటర్లు, శుద్ధి సామర్థ్యం 772. అంబర్‌పేటలోని 339 మిలియన్ లీటర్ల కేంద్రమే అందులో అతి పెద్దది. మిగతాది నాలాల గుండా మూసీలోకి పోయింది. తర్వాత 3,866 కోట్ల రూపాయల అంచనాతో 31 కొత్త కేంద్రాలను, 1,259.5 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో తలపెట్టారు. హుస్సేన్‌సాగర్‌దీ ఇదే తంతు. 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీలు మంచినీటి కోసం తవ్వించిన చెరువులోకి కూకట్‌పల్లి నాలా జీడిమెట్ల, సనత్‌నగర్‌ల రసాయనాలను మోసుకొచ్చింది. పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు ఇళ్ల మురుగు తెచ్చాయి. వానలేని రోజుల్లో వచ్చే మురుగును చెరువులో పడకుండా గొట్టాలతో అంబర్‌పేటకు మళ్లించాక కొంత తెరిపిన పడింది. వినాయక చవితికి మండలి మట్టి విగ్రహాలు పంచడం, నిమజ్జనానికి ముందూ వెనకా సాగర్ నీటిని పరీక్షించడం జనానికి బాగా కనిపించే పనులు. ఏడాది పొడుగునా వచ్చే నాలాతో పోలిస్తే అవి చిన్న పనులే.

కేంద్ర మండలి 2018లో దేశంలో 323 నదుల మీద 351 కలుషిత భాగాలను గుర్తించింది. తెలంగాణలో ఎనిమిది: మూసీ, మంజీర, నక్కవాగు, మానేరు, గోదావరి, కృష్ణ, కిన్నెరసాని, కరకవాగు. ఆంధ్రప్రదేశ్‌లో ఐదు: కుందు, తుంగభద్ర, గోదావరి, కృష్ణ, నాగావళి. బీఓడీ 30 దాటిన మొదటి ప్రాధాన్య వర్గంలో మూసీ చేరింది. ఈ జాబితా మీద పత్రికలో వచ్చిన వార్త చూసి హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టింది. ప్రతి రాష్ట్రంలో నదుల పునరుద్ధరణ కమిటీ వేయించింది. 2022 నాటికి దేశంలో కలుషిత భాగాలు 311కు తగ్గాయి. అదే ఏడాది అక్టోబరులో చెత్త, మురుగు శుద్ధిలో వెనకబడినందుకు తెలంగాణకు ట్రిబ్యునల్ సుమారు 3,800 కోట్ల రూపాయల పరిహారం విధించింది. మండలి వేయలేని దెబ్బ అది వేసింది.

అనంతగిరి కొండల్లో పుట్టి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ తనను తాను కొంత బాగుచేసుకుంటుంది కూడా. నగరం దిగువన రైతులు కత్వలు కట్టి నీరు మళ్లించి వరి, పశుగ్రాసం పండిస్తారు. నీరు కత్వ కత్వకూ ఆగుతూ, మడ్డి దిగుతూ, గాలి పీల్చుతూ సాగి, 40 కిలోమీటర్లు పోయేసరికి బీఓడీ, సూక్ష్మజీవులు బాగా తగ్గడాన్ని అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థతో కలిసి పనిచేసిన పరిశోధకులు నమోదు చేశారు. ఉప్పు మాత్రం నది చేతిలో లేదు.

శిక్షలు

ఉల్లంఘన రుజువైతే మండలి ముందున్న మెట్లు ఇవీ: షోకాజ్ నోటీసు, టాస్క్‌ఫోర్స్ కమిటీ ముందు విచారణ, బ్యాంకు గ్యారంటీ, ఉత్పత్తి ఆపమనే ఆదేశం, చివరికి మూసివేత. 1988 సవరణతో చేరిన 33ఎ సెక్షన్ కింద కరెంటు, నీరు ఆపించవచ్చు. కోర్టుకు వెళ్లే కేసుకు ఏళ్లు పడతాయి, డిస్కమ్‌కు రాసే ఉత్తరానికి రోజులు చాలు. అందుకే యజమానులు ఎక్కువగా జడిసేది ఈ సెక్షన్‌కే. చిక్కేమిటంటే, మూసిన ఫ్యాక్టరీ కొన్నాళ్లకు గ్యారంటీ కట్టి, హామీ రాసిచ్చి మళ్లీ తెరుచుకుంటుంది. అదే పేరు మళ్లీ జాబితాలో కనిపిస్తుంది.

జల చట్టంలో కలుషిత నీరు వదిలినవాడికి ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా జైలు ఉంది. 2024 సవరణ చాలా తప్పులకు జైలు తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది. ముందుగా హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతాలకు అది వర్తించింది. మిగతా రాష్ట్రాలు తీర్మానం చేసుకుంటేనే వర్తిస్తుంది. కోట్ల వ్యాపారమున్న కంపెనీకి 15 లక్షలు ఖర్చు పద్దులో ఒక వరుస. దీనికి కొంత విరుగుడు 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చింది. 33ఎ కింద, నియమాలు రూపొందించుకున్నాక, నష్టాన్ని పూడ్చేందుకు మండళ్లే పరిహారం వసూలు చేయవచ్చని చెప్పింది.

ఊరి చెరువు రంగు మారితే పౌరుడికీ చట్టంలో దారి ఉంది, చాలామందికి అది తెలియదు. 25వ సెక్షన్ ప్రకారం మండలి ఇచ్చిన ప్రతి సమ్మతి, దాని షరతులతో సహా, ఒక రిజిస్టరులో ఉండాలి. ఆ నీటితో సంబంధమున్నవాళ్లు ఎవరైనా వెళ్లి దాన్ని చూడవచ్చు. ఎగువనున్న ఫ్యాక్టరీ ఎంత నీరు, ఎక్కడ వదలవచ్చో అక్కడే తెలుస్తుంది. మండలి కదలకపోతే, 1988 సవరణ తర్వాత 49వ సెక్షన్ కింద, 60 రోజుల ముందు నోటీసిచ్చి ఎవరైనా నేరుగా మెజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుదారు అడిగితే తన దగ్గరున్న సంబంధిత రిపోర్టులను మండలి ఇవ్వాలి. ప్రజాప్రయోజనానికి భంగమని తాను భావించినవాటిని మాత్రమే ఆపుకోవచ్చు.